కొయ్యకాళ్ల సాక్ష్యం

రండి, అరుగు మీద ఇలా కూర్చోండి. రేపల్లె దగ్గర మా బావమరిది ట్రాక్టర్ కబురు చెప్తాను.

మన డెల్టా సంగతి తెలిసిందేగా. 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204 వరి ఇప్పటికీ మన చేలలో పండుతోంది. వరి కోశాక చాలామంది దున్నరు, కొయ్యకాళ్ల మధ్యే మొక్కజొన్న గింజ పెడతారు. కండెలు ఇల్లు చేరాక మిగిలేది చొప్ప. అగ్గిపుల్ల గీస్తే పని సులువే గానీ, నేలకు దక్కాల్సింది పొగైపోతుంది. అందుకే మావాడు ట్రాక్టర్ వెనక తగిలించి చొప్ప నరికే స్లాషర్ తెచ్చాడు. తెచ్చిన రోజే ఫోను.

"బావా, చొప్ప తెగట్లేదు. కత్తులు మార్పించాలి."

"కత్తుల మాట తర్వాత. కోసిన చేను ఎలా ఉందో చెప్పరా ముందు."

గడ్డం కత్తికి పదునే ప్రాణం. స్లాషర్‌కి పదునుకన్నా వేగం ముఖ్యం. అయిదడుగుల మేర తిరిగే కత్తి నిమిషానికి 800 చుట్లు తిరిగిందనుకోండి, దాని కొస సెకనుకు 200 అడుగులకు పైనే పరుగెడుతుంది. ఆ ఊపు రావాలంటే దాన్ని తిప్పే ట్రాక్టర్ ఇరుసు, అదే పీటీఓ, నిమిషానికి 540 చుట్లు తిరగాలి. డీజిల్ కలిసొస్తుందని యాక్సిలరేటర్ తగ్గించామో, చొప్ప తెగదు, వంగి పడుకుంటుంది.

మిగతా జబ్బులు చేనే చెబుతుంది. మోడు కొస పీచులు పీచులుగా చీలిందా? కత్తి మొద్దుబారింది. సాన పట్టేటప్పుడు రెండు కత్తులూ ఒకే బరువుండాలి, లేకపోతే బండంతా వణుకుతుంది. ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క పొట్టిగా తెగిందా? లిఫ్టు చేతులు సమంగా లేవు. తెగిందే మళ్లీ మళ్లీ నలిగి, ఇంజను మూలుగుతోందా? వెనక భాగం దిగిపోయింది. టాప్ లింకు సవరించి ముందు భాగాన్ని అరంగుళమో అంగుళమో కిందికి దించాలి. టైరు జాడలోనే చొప్ప మిగిలిందా? చక్రం తొక్కింది లేచేలోపే కత్తి దాటిపోయింది. ఎదురు దిక్కున ఇంకో సాలు తోలాలి. బరువు పడగానే కత్తి ఆగి, కాలిన వాసన వస్తే క్లచ్ జారుతున్నట్టే.

ఒక్కమాట. కింద తొంగి చూసేముందు ఇంజను ఆపాలి, తాళంచెవి జేబులో వేసుకోవాలి, స్లాషర్ కింద గట్టి దుంగ ఆనించాలి.

ఇంతకీ మావాడి చేనేమంది?

"తెగినచోట నున్నగానే తెగింది బావా. చాలాచోట్ల వంగి పడుకుంది."

"ఏ గేరులో తోలావు?"

కాసేపు ఉలుకూ పలుకూ లేదు. "సాయంత్రం తెనాలిలో పెళ్లుందిగా..." అని నసిగాడు.

మర్నాడు చిన్న గేరులో అదే చేను, అవే కత్తులతో శుభ్రంగా కోశాడు. పెళ్లికి మాత్రం మూడో బంతికి వచ్చాడు లెండి.