వైద్యుడి కొడుకు

2024లో కన్నుమూసిన కజువో ఉమెజు 1972–74 మధ్య ఒక జపాన్ వారపత్రికకు ధారావాహికగా గీసిన బొమ్మల నవల ‘ద డ్రిఫ్టింగ్ క్లాస్‌రూమ్’. ఒక ప్రాథమిక పాఠశాల, లోపలున్న వందలాది పిల్లలతో సహా మాయమై, ఎడారిగా మారిన భవిష్యత్తులో తేలుతుంది. ఆ ఉదయం తల్లితో పోట్లాడి బడికి వచ్చిన షో అనే ఆరో తరగతి పిల్లవాడు అందరికీ పెద్దదిక్కవుతాడు. ఉపాధ్యాయులు కళ్లెదుటిదాన్ని నమ్మలేక మతిచెడి, త్వరలోనే రాలిపోతారు.

పదకొండు సంపుటాల నిడివిలో ఆకలి, ప్లేగు, హత్యలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అరుపులు మరీ ఎక్కువ; నోరు తెరవని ముఖం ఉన్న పుట అరుదు. వీటన్నిటికన్నా భయం పుట్టించేది చివరి సంపుటాలలోని ఒక మామూలు జబ్బు. షోకి అపెండిసైటిస్ వస్తుంది. మత్తుమందు లేదు. కత్తి పట్టవలసినవాడు యనసే అనే తోటి విద్యార్థి. వైద్యుడి కొడుకు కావడమొక్కటే అతని అర్హత.

శస్త్రచికిత్స తెలిసిన పాఠకుడు ఇక్కడ పెదవి విరుస్తాడు. ఆ మురికిలో పొట్ట కోస్తే చీము పట్టకుండా ఉంటుందా? రోగి అంత తేలికగా లేచి నడుస్తాడా? అయినా పుట తిప్పలేడు.

ఇదంతా కట్టుకథేనని ఆస్ట్రేలియాలో కొట్టిపారేయడం కష్టం. 1950లో హెర్డ్ దీవి స్థావరంలో ఉన్న ఒకే ఒక వైద్యుడికి ఇదే జబ్బు వస్తే, ఆయనను తీసుకురావడానికి ‘ఆస్ట్రేలియా’ అనే యుద్ధనౌకే కదలవలసి వచ్చింది. అంటార్కిటికాలో శీతకాలం గడపబోయే ఆస్ట్రేలియన్ వైద్యులు నేటికీ ముందుగానే అపెండిక్స్ తీయించుకుని వెళతారు. అక్కడ ఆపరేషన్ అవసరమైతే పక్కన నిలబడేది వంటవాడో, ప్లంబరో. హోబార్ట్ ఆసుపత్రిలో రెండు వారాలు నేర్చుకున్నవాడు. 1961లో సోవియట్ వైద్యుడు రొగొజొవ్ తన పొట్ట తానే కోసుకున్నప్పుడు అద్దం పట్టుకున్నది ఒక డ్రైవరు, పనిముట్లు అందించినది ఒక వాతావరణ పరిశీలకుడు.

వారందరికీ ముందుగా చెప్పేవాడో, పక్కన ఉండి నడిపించేవాడో ఒక వైద్యుడున్నాడు. యనసేకి తండ్రి జ్ఞాపకం తప్ప ఏమీ లేదు. ఉమెజు బొమ్మలలో నొప్పి అంతా షో ముఖం మీదే ఉంటుంది. కథ కూడా అతని వెంటే పరుగెడుతుంది. మొదటి కోత పెట్టిన ఆ పన్నెండేళ్ల చేతులు ఆ రాత్రి ఎంతసేపు వణికాయో అడిగే తీరిక ఆ బడిలో ఎవరికీ లేదు.