గోడకు రంగు... ముఖానికి వెలుగు

పెళ్లైనా, పేరంటమైనా ఇప్పుడు రంగుల లైట్లు లేనిదే వేదికకు అందం రావడం లేదు. కానీ ఆ రంగు ఎక్కడ పడాలి? బౌద్ధనగర్ డాబా మీద మొదలైన సందేహం ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద తీరింది.

దీపాలు పెట్టే వేళ. బౌద్ధనగర్‌లో మా డాబా మీద ఓ కుర్రాడు గోడ వారగా నల్లటి లైట్లు వరసగా పెట్టుకుంటూ వెళ్తున్నాడు. ఎదురింటి పిట్టగోడ దగ్గర పిల్లలు చేరారు. అతను స్విచ్ వేశాడు. అంతే! సున్నం రాలిన గోడ, నీళ్ల ట్యాంకు, బట్టలారేసే తీగలు... అన్నీ ఊదారంగులో మునిగిపోయాయి. ‘ఇది మన డాబాయేనా నాన్నా?’ అంది మా చిన్నమ్మాయి. ఎల్లుండే దాని నిశ్చితార్థం.

ఈ బస్తీలో ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. పెద్ద ఫంక్షన్ హాలు తీసుకోలేని వాళ్లకు డాబాయే దిక్కు. ఒకప్పుడు షామియానా వేసి, సీరియల్ బల్బుల దండలు వేలాడదీస్తే అదే వైభోగం. బరాత్ ముందు పెట్రోమాక్స్ లైట్లు నెత్తిన మోసుకుంటూ నడిచేవారు. రంగు కావాలంటే లైటుకు రంగు కాగితం చుట్టాల్సిందే. కాసేపటికి వేడికి అది కమిలిపోయేది.

ఇప్పటి ఎల్ఈడీ ‘పార్’ లైటులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం బుల్లి దీపాలుంటాయి. ఏది ఎంత వెలగాలో నిర్ణయిస్తే చాలు, కోరిన రంగు వచ్చేస్తుంది. పెద్ద స్టేజీల మీద వాడిన పాత హాలోజన్ పార్ లైటు ఒక్కోటి 1000 వాట్ల వరకూ ఉండేది. వీటికి అందులో చిన్న భాగం చాలు. నీలం ఎల్ఈడీని సాధించినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ నీలం లేకపోతే మా డాబా మీద ఈ ఊదారంగూ లేదు!

అయినా నాకో భయం పట్టుకుంది. పెద్దమ్మాయి నిశ్చితార్థం ఓ హాల్లో చేశాం. స్టేజీ నిండా నీలం లైట్లు. ఆ రాత్రి అంతా ‘అబ్బ, సినిమా సెట్టులా ఉంది’ అన్నారు. ఆల్బమ్ వచ్చాక చూస్తే పసుపు పట్టుచీర నల్లగా ఉంది. ముఖాలన్నీ నీలమే. మా అమ్మ కళ్లద్దాలు తుడుచుకుని, ‘పిల్ల ముఖం ఏదిరా?’ అంది. ఏం చెప్పను? ఆ సాయంత్రం మళ్లీ రాదు కదా! ఇప్పుడు అమ్మకు ఎనభై దాటాయి.

మర్నాడు సాయంత్రం ఆ ఆలోచనతోనే సీతాఫల్‌మండి మీదుగా ఉస్మానియా క్యాంపస్‌కు నడిచాను. ఆర్ట్స్ కాలేజీ ముందు కూర్చున్నాను. బెల్జియం ఆర్కిటెక్టు జాస్పర్ రూపకల్పన చేసిన ఈ భవనాన్ని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1939 డిసెంబరు 4న ప్రారంభించారు. 2017 ఏప్రిల్ 26 నుంచి 28 వరకూ జరిగిన శతాబ్ది ఉత్సవాలకు దీన్ని రంగురంగుల దీపాలతో అలంకరించినప్పుడు ఇంటిల్లిపాదీ వచ్చి చూశాం. ఇప్పుడు ఆ దీపాలు లేవు. పొద్దు వాలే వెలుతురులో గులాబీ గ్రానైట్ రాయి తన సొంత రంగులో నిండుగా కనిపిస్తోంది.

అప్పుడు తట్టింది. ఏ వస్తువైనా తన మీద పడిన వెలుగులో ఉన్న రంగునే తిరిగి పంపగలదు. ఉత్త నీలం వెలుగు పడితే పసుపు చీర ఏం చేస్తుంది? నల్లబడుతుంది. ఈ రాయైనా అంతే, మన ముఖమైనా అంతే. ఉన్న అందాన్ని చూపించేదే మంచి వెలుగు.

ఇంటికొచ్చి లైట్ల కుర్రాడికి చెప్పాను. ‘గోడకు ఎంత రంగైనా వెయ్యి నాయనా, మనుషుల మీద మాత్రం వద్దు’. అతను నవ్వాడు. ‘గట్లయితే ముందట రెండు వార్మ్ వైట్ పెడతా సార్. రంగు ఎన్కనుంచే కొడతా’ అన్నాడు. గంటకో రంగు మార్చకుండా ఒకటే ఉంచమన్నాను. అమ్మాయి కట్టుకోబోయే చీర తెచ్చి ఆ వెలుగులో పట్టుకుని, ఫోన్‌తో ఫొటో తీసి చూశాం. ఆకుపచ్చ ఆకుపచ్చగానే ఉంది. నడిచే దారిలోని వైర్లన్నీ గోడ వారకు జరిపించాం. మీ ఇంట్లో శుభకార్యమైనా ఈ పరీక్ష ముందే చేసుకోండి, ఐదు నిమిషాల పని.

నిశ్చితార్థం రోజు గోడ ఊదారంగులో వెలిగింది. దాని ముందు పిల్ల బంగారంలా కూర్చుంది. ముందు వరసలో కుర్చీ వేసుకున్న అమ్మ లేచి వెళ్లి, మనవరాలి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. చాలాసేపు చూసింది.

‘బుగ్గన చుక్క పెట్టారు, మంచిపని చేశారు’ అంది.