చామంతికి చీకటి కావాలి

హైదరాబాద్ నుంచి మా సుల్తానాబాద్ రావాలంటే జేబీఎస్‌లో బస్సెక్కి, రాజీవ్ రహదారి మీద కరీంనగర్ దాటాలి. పెద్దపల్లి ఇంకా రాకముందే మా ఊరు. టూరిస్టులు దిగే చోటేం కాదు. రైస్‌మిల్లులకు పేరు. డిసెంబర్ పొద్దున మంచులో బస్సు దిగితే ముందు ఉడికిన వడ్ల వాసన తగులుతుంది.

మూడు చలికాలాలుగా వీకెండ్ వస్తే మా వాకిట్లో పూలను ఫోన్‌తో తీస్తున్నా. మొదలుపెట్టింది ఇన్‌స్టా కోసమే, దాచేదేముంది! తీస్తూ తీస్తూ కొన్ని తెలిశాయి. ఎర్ర మందారాన్ని ఎండలో తీస్తే రేకుల గీతలన్నీ పోయి ఎర్రటి ముద్ద మిగులుతుంది. స్క్రీన్ మీద పువ్వును తాకి, వెలుగును కాస్త కిందికి లాగితే గీతలు తిరిగొస్తాయి. చిక్కుడు పువ్వుకు పోర్ట్రెయిట్ మోడ్ వద్దే వద్దు, అంచులు కోసేస్తుంది. ఒకసారి బంతి రేకుల మీద నల్లటి నుసి కనిపిస్తే లెన్స్ మురికేమో అని చొక్కా కొసతో తుడిచా. లెన్స్ కాదు, బూడిద. మిల్లుల్లో బాయిలర్లకు ఊక కాలుస్తారు కదా, గాలికి వచ్చి పడుతుంది.

అసలు కథ చామంతిది. గేటు పక్కన మూడు కుండీలు, బాపు పెట్టినవి. బాపు పోయాక వచ్చిన చలికాలం అవి పూయలేదు. ఈసారి కూడా డిసెంబర్ సగమైనా ఆకులే. "మీ బాపు చేతి చెట్లు బిడ్డా అవి. ఆయన పోయినంక ఇగ పూయయి" అంది అమ్మ. నీళ్లు పోయడం మానలేదు గానీ, వాటి వైపు చూడటం మానేసింది.

ఆ రాత్రి నిద్రపట్టక గ్యాలరీ వెనక్కి జరుపుతున్నా. బాపు ఉన్నప్పటి ఫొటో: మూడు కుండీల నిండా పసుపు, వెనక రోడ్డంతా చీకటి. తర్వాతి ఏడాది, అదే చోట, అదే టైంకు తీసింది: గోడ మీద ఆకుల నీడలు. రాత్రి ఏడింటికి నీడలేంటి? తలెత్తి చూస్తే గేటు ఎదురుగా కొత్త ఎల్‌ఈడీ లైటు. రెండు ఫొటోల మధ్య వచ్చింది అదే.

చామంతి పొడుగు రాత్రులు వస్తేనే మొగ్గ కడుతుంది. చీకటి మధ్యలో వెలుగు పడితే దానికి ఇంకా చలికాలం రానట్టే. మొక్కల ఈ పగలు-రాత్రి లెక్కను 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ బయటపెట్టారు, పొగాకు, సోయా మొక్కల మీద చూసి. పూల రైతులు కావాలనే బల్బులు పెట్టి పూత ఆపుతారు, నల్ల గుడ్డ కప్పి ముందుకు తెస్తారు. మా వీధి లైటు ఆ పని ఫ్రీగా చేసింది.

కుండీలను ఇంటి వెనక్కి మార్చా. అక్కడ పగలు ఎండ, రాత్రి చిమ్మచీకటి. "లైటుకు, పువ్వుకు ఏం సంబంధం బిడ్డా?" అంది అమ్మ. మర్నాడు చూస్తే తనే వాటిని ఇంకా లోపలికి, బావి గోడ దాకా జరిపింది.

జనవరిలో మామిడి పూత. దగ్గరికెళ్లి తీస్తే తేనెటీగల కంటే ఈగలే ఎక్కువ. మామిడికి పరాగం మోసేది చాలావరకు అవేనట, అప్పటినుంచి తోలడం మానేశా. ఫిబ్రవరిలో ఊరి బయట మోదుగు. ఒక్క ఆకు లేదు, చెట్టంతా నిప్పు రంగు. చిన్నప్పుడు హోలీకి ఈ పూలే ఉడకబెట్టి రంగు చేసేవాళ్లం. అది బాగా రావాలంటే వెనక నీలం ఆకాశం పడేలా కింద కూర్చుని తీయండి.

ఫిబ్రవరి చివర్లో ఆఫీసులో ఉండగా అమ్మ వాట్సాప్ వచ్చింది. సగం ఫ్రేమ్ ఆమె బొటనవేలే, మిగతా సగం మసక. మధ్యలో చిన్న పసుపు బొత్తాం. ఆమె ఫోన్‌తో తీసిన మొదటి ఫొటో అది. వెలుగు సరిచేయలేదు, క్రాప్ చేయలేదు.

మిగతా రెండు కుండీల్లో ఇంకా మొగ్గలేనట. శుక్రవారం రాత్రి బస్సుకు టికెట్ తీసుకున్నా.