మిగిలిన పట్టా



భస్మ బుధవారము మొదలుకొని పునరుత్థాన పండుగ వరకు, ఆదివారములు విడిచి లెక్కించిన 40 దినములు. కలిపి లెక్కించిన 46. ఈ శ్రమకాలము మన పల్నాటి రైతులకు తీరికగా నున్నప్పుడు వచ్చునా? రాదు. మిరపకోత, కల్లము, కూలివారి లెక్కలు, అప్పులవాని రాక, పిల్లల పరీక్షలు అన్నియు ఈ నెలలలోనే. మోకరించినవాని మనస్సు గుంటూరు యార్డులోని ధర చుట్టు తిరుగుచుండును. మీకట్లు జరుగలేదా? నాకు జరిగినది.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక బుధవారము సాయంకాలము గుడిలో శ్రమకాలపు కూటము జరుగుచుండెను. కల్లములో నా రెండవ కోత కాయ ఆరుచుండెను. 30 టిక్కీలు కాగలది. ఎరువుల అప్పు, మందుల అప్పు దానిమీదనే యున్నవి. అయ్యగారు ప్రార్థించుచుండగా దూరమున ఉరిమెను. నా పెదవులు ఆమేన్ అనుచుండెను గాని చెవి కల్లమువైపే యుండెను. లేచి పరుగెత్తితిని. లేచిపోవుట తప్పని నేననను. కాయ తడిసిన తాలగును, తాలునకు మంచి కాయ ధర రాదు. ప్రభువు ఈ సంగతి ఎరుగనివాడు కాడు.

నా కుప్పమీద పట్టాలు కప్పి అంచులకు రాళ్లు పెట్టితిని. ప్రక్క కల్లము ఒక విధవరాలిది. ఆమె ఇంకను గుడిలో మోకాళ్లమీదనే యున్నది. నాయొద్ద ఒక పట్టా మిగిలినది. దానిని నా కుప్పమీదనే రెండవ పొరగా వేసి ఇంటికి పోతిని. అరగంట వాన కురిసెను.

అటుతరువాత నాకు ప్రార్థన రాలేదు. ఉపవాసము తప్పలేదు, మాంసము ముట్టలేదు. అయితే కన్నులు మూయగానే ఆ రెండవ పొర కనబడుచుండెను. కాయ అమ్ముడుపోయి అప్పు తీరెను. చింత తీరిన మనస్సు కుదురునని అంతవరకు అనుకొంటిని, కుదురలేదు. తరువాతి కూటములో యెషయా 58వ అధ్యాయము చదివిరి. దేవుడు కోరు ఉపవాసమేదో ప్రవక్త చెప్పుచుండగా తల వంచుకొని వింటిని.

మరునాడు ప్రొద్దుననే ఆమె కల్లమునకు పోతిని. ఆమె ఇంకను తాలు ఏరుచుండెను.

"అక్కా, ఆనాడు నాయొద్ద ఒక పట్టా మిగిలినది. నీ కాయమీద వేయలేదు."

ఆమె చాలసేపు మాటాడలేదు. "అయితే కూర్చుండి ఏరు తమ్ముడూ," అనెను.

మూడు దినములు ఏరితిని. ఘాటుకు తుమ్ములు, చేతులకు మంట. మార్త కలవరపడినది వంటచేత కాదు, భారమంతయు తనదే అనుకొనుటచేత అని అక్కడ నాకు తోచెను. లూకా 10వ అధ్యాయము మీరును మరల చదివి చూడుడి. గుడిలో కుదురని మనస్సు ఆ కాయల నడుమ కుదిరెను. ఆమె నష్టము మాత్రము తీరలేదు. తాలు తాలుగానే అమ్ముడుపోయెను.

ఈ దినములలో ప్రార్థించుచుండగా మీ మనస్సు కల్లమునకు పరుగెత్తినయెడల, ప్రక్క కల్లము ఎవరిదో కూడ చూచి రండి. నేను ఇప్పటికిని ఉరిమిన లేచిపోవుదును. పోవునప్పుడు ఆ అక్కను కూడ భుజము తట్టి లేపుదును.