చంద్రుడి అడ్రసు దొరికింది!

అబ్బబ్బ, ఇదేం ప్రేమకథండీ! పుస్తకంలో కాదు, సినిమాలో కాదు, మన డాబా మీద, సరిగ్గా నెత్తిమీద నడుస్తోంది!

రోహిణి అంటే నాకు తెలిసిందల్లా రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండే. ఆ పేరుతో ఒక చుక్క ఉందనీ, కార్తెలో సూర్యుడు ఆ చుక్క ఉన్న చోటికే వస్తాడనీ, అందుకే అప్పుడది కనిపించదనీ నాకేం తెలుసు!

కథ వినండి. దక్షుడు తన 27 మంది కూతుళ్లనూ చంద్రుడికే ఇచ్చాడు. ఆయనేమో రోహిణి ఇల్లు వదలడు! మిగతావాళ్లు తండ్రి దగ్గర గొల్లుమన్నారు. క్షయించిపొమ్మన్నాడు మామగారు. శివుడు కాపాడబట్టి పక్షం తరగడం, పక్షం పెరగడంతో సరిపోయింది.

అసలు గమ్మత్తు ఇప్పుడు! ఆ 27 మందీ అంటే 27 నక్షత్రాలు, చంద్రుడి దారిలో మజిలీలు. ఇంచుమించు రోజుకో ఇల్లు! క్యాలెండర్లో రోజూ వేసే నక్షత్రం జాతకాలవాళ్ల గొడవ అనుకున్నాను. కాదు, అది ఆ రోజు చంద్రుడి అడ్రసు!

మరి రోహిణే ఎందుకు? స్వాతి చుక్క ఇంకా ధగధగలాడుతుంది, కానీ ఆ మజిలీలో ఉన్నప్పుడు కూడా చంద్రుడు దానికి చాలా ఎడంగానే పోతాడు. ఆయన కప్పేసేంత దగ్గరగా, దారిలోనే ఉన్న పెద్ద చుక్కలు నాలుగే: రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ. నలుగురిలో వెలుగు ఎక్కువ రోహిణికే! కథ కట్టినవాళ్లు ఆకాశం చూసే కట్టారని నా నమ్మకం.

2015 నుంచి 2018 దాకా నెలనెలా ఆమెను కప్పుతూనే ఉన్నాడు, భూమ్మీద ఏదో ఒక మూల నుంచి చూస్తే. మళ్లీ 2033లో మొదలు! మధ్య ఏళ్లలో కాస్త ఎడంగా పోతాడు. అలకలు ఎవరింట్లో లేవు?

ఇక రోహిణి రంగు! వెచ్చగా, ఎర్రగా, నారింజగా, మినుకుమంటూ! వెడల్పు సూర్యుడికి 40 రెట్ల పైమాటే. దూరం 65 కాంతి సంవత్సరాలు! అంటే ఈ రాత్రి మీ కంట్లో పడే వెలుగు 65 ఏళ్ల కిందట బయల్దేరింది!

జనవరిలో రాత్రి ఏడెనిమిదింటికి తూర్పుకు తిరగండి. వరసగా మూడు చుక్కలు కనిపిస్తాయి. ఆ గీతనే పైకి సాగదీయండి. ఎర్రగా తగిలేది రోహిణి. ఇంకా పైన గుంపుగా కృత్తికలు. ఏ పరికరమూ అక్కర్లేదు!

క్యాలెండర్లో రోహిణి అని ఉన్న రాత్రి గంటసేపు కూర్చోండి. ఆ గంటలో చంద్రుడు చుక్కల నడుమ తన వెడల్పంత జరుగుతాడు, కళ్లముందే! మీరూ చూడండి, పిల్లల్నీ డాబా ఎక్కించండి!