మందుల కొట్టులో రంపపు పొట్టు

మా మావయ్యకి నరసరావుపేటలో ఎరువులు, పురుగుమందుల కొట్టుంది. డిగ్రీ అయిపోయాక రెండు సీజన్లు అక్కడే బిల్లులు కొట్టాను, స్టాక్ రిజిస్టర్ రాశాను. కౌంటర్ దగ్గర కంపెనీల పోస్టర్లు, క్యాలెండర్లే కనపడతాయి. అసలు సరుకంతా వెనక గోడౌన్‌లో. ఆ గోడౌన్‌లో ఓ మూల ఎప్పుడూ రెండు బస్తాల రంపపు పొట్టు, ఓ పార, మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ము ఉండేవి. అవి దేనికో ఓ జూన్ నెలలో తెలిసింది.

లారీ దించుతుంటే క్లోరిపైరిఫాస్ పెట్టె ఒకటి హమాలీ భుజం మీంచి జారింది. రెండు లీటరు సీసాలు పగిలాయి. కిరసనాయిల్లాంటి ఘాటు ముక్కులకి కొట్టింది. పాపం అతను అలవాటుగా బకెట్‌తో నీళ్లు తెచ్చాడు. మావయ్య కేకేశాడు: "నీళ్లు పొయ్యొద్దు! ముందా చొక్కా తియ్యి!"

"ఏం కాదులే అయ్యా, ఎన్నిసార్లు పళ్లేదు" అన్నాడతను.

మావయ్య వింటేగా. సబ్బుతో భుజం, వీపు బాగా కడిగించి, తన చొక్కా ఒకటిచ్చి, చెట్టుకింద కూర్చోబెట్టాడు. ఈ జాతి మందులు తాగితేనే విషం అనుకుంటాం గానీ, చర్మంలోంచి కూడా ఒంట్లోకి దిగుతాయి. తడిసిన చొక్కా అలాగే ఉంచుకుంటే ఎండలో పనిచేసినంతసేపూ మందు లోపలికి పోతూనే ఉంటుంది. చెమటలు, నోట్లో చొంగ, చూపు మసక. ఇవి కనిపిస్తే ఆస్పత్రికి, అదీ సీసా మీదున్న లేబుల్‌తో సహా పరిగెత్తాలి. ఆ సాయంత్రం దాకా అతనికి ఏమీ కాలేదు. ఆ రోజు కూలి పూర్తిగా ఇచ్చారు.

లోపల తలుపులు, కిటికీలు తీయించి, స్విచ్ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఆ మందు కలిపే ద్రావకం అంటుకునే రకం. తర్వాత గ్లౌజులు, మాస్కు వేసుకుని, పొట్టు మొదట చుట్టూ గట్టులా పోసి, ఆ తర్వాత మధ్యలో చల్లాడు. పొట్టు లేకపోతే పొడి మట్టైనా పనికొస్తుంది. పీల్చుకున్నాక పారతో ఎత్తి డ్రమ్ములో వేసి మూత బిగించాడు. నీళ్లు పోస్తే నేల శుభ్రంగా కనిపించేది, మందు మాత్రం మురిక్కాలవలోకి పోయేది. క్లోరిపైరిఫాస్ చేపలకి చాలా కొద్ది మోతాదులోనే ప్రాణాంతకం. పైగా పల్నాట్లో చాలా ఊళ్లు సాగర్ కుడి కాలవ నీళ్లతో చెరువులు నింపుకుని అవే తాగుతాయి.

పురుగుమందుల చట్టం 1968ది, దాని నిబంధనలు 1971వి. మందులు వేరే గదిలో, లేదా తాళమేసిన బీరువాలో ఉండాలి. ఆ గది పొడిగా, గాలీ వెలుతురూ వచ్చేలా ఉండాలి. నేను చూసిన కొన్ని కొట్లలో మందు పెట్టెల మీదే టిఫిన్ క్యారియర్లుండేవి. మా కొట్లో అలా పెడితే మావయ్య క్యారియర్ తీసి రోడ్డు మీద పెట్టేవాడు, లోపల గోంగూర పప్పున్నా సరే.

2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైన వీడియోలు మనందరి ఫోన్లలోకీ వచ్చాయి. 12 మంది పోయారు. అది పెద్ద ఫ్యాక్టరీ, మాది చిన్న కొట్టు కదా అనుకోవచ్చు. కానీ 2013 ఏప్రిల్ 17న అమెరికాలో, టెక్సాస్‌లోని వెస్ట్ అనే చిన్న ఊళ్లో పేలింది రైతులకి ఎరువులమ్మే కేంద్రమే. మంటలంటుకుంటే ఆర్పడానికి వెళ్లారు, లోపలున్న అమ్మోనియం నైట్రేట్ పేలింది. చనిపోయిన 15 మందిలో ఎక్కువమంది ఆర్పడానికి వెళ్లినవాళ్లే.

ఇది మావయ్యకి చెప్పాను. మర్నాడు నా చేతే ఓ అట్ట మీద లోపల ఏ మందులు ఏ వైపున్నాయో పెద్దక్షరాలతో రాయించి, కింద 101, 108 నంబర్లు వేయించి, గోడౌన్ తలుపు బయట తగిలించాడు. సరుకు మారినప్పుడల్లా మళ్లీ రాయాలి. విసుగు పనే.

ఒక్కటి మాత్రం తేల్లేదు. ఆ విషం పీల్చిన పొట్టు డ్రమ్ము ఎవరికివ్వాలి? పొలంలో పారేయకూడదు, కాల్చకూడదు. మావయ్య కంపెనీ రిప్రజెంటేటివ్‌ని అడిగితే "వచ్చే నెల చూద్దాం సార్" అన్నాడు. నేను ఉద్యోగమొచ్చి హైదరాబాద్ వచ్చేశాను. మొన్న ఫోన్లో అడిగాను. డ్రమ్ము ఇంకా అక్కడే ఉందట, మూత బిగించి.