సరస్ నుండి 42.34 మీటర్ల వరకు

ముంబయి నుండి ఉత్తరాభిముఖంగా సాగే రైలు 263 కిలోమీటర్లు ప్రయాణించి తపతీ తీరాన సూరత్ చేరుతుంది. స్టేషను వెలుపలికి వచ్చిన యాత్రికునికి మొదట కనిపించేది బట్ట. చేతిబండ్ల మీద, ఆటోల వెనుక, మనుషుల భుజాల మీద చీరల మూటలే. లింబాయత్ వైపు వెళ్లినవారికి మరమగ్గాల చప్పుడు నడుమ తెలుగు మాట కూడా వినిపిస్తుంది; తెలంగాణ జిల్లాల నుండి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. మరొక ప్రక్క వేలాదిమంది తలలు వంచుకొని వజ్రాలకు సాన పడుతూ ఉంటారు. ఇంత పని ఉన్న ఊరిలో చరిత్రను తలచుకొనే తీరిక చిక్కడం కష్టమే.

అయినా చరిత్ర ఇక్కడ తక్కువేమీ కాదు. 1664లోను, మరల 1670లోను శివాజీ సేనలు ఈ రేవుపట్టణాన్ని కొల్లగొట్టాయి. 1907లో కాంగ్రెసు మితవాదులు, అతివాదులుగా చీలిపోయినది ఈ ఊరి మహాసభలోనే. 1928 నాటి బార్డోలీ, 1930 నాటి దండి, 1938లో సుభాస్ చంద్ర బోసు అధ్యక్షత వహించిన హరిపురా మహాసభ, ఇవన్నీ ఆనాటి సూరత్ జిల్లాలోని విశేషాలు. వీటిని చూడటానికి యాత్రికులు వస్తూనే ఉంటారు. నగరానికి ఉత్తరాన ఓల్పాడ్ తాలూకాలోని సరస్ గ్రామానికి వచ్చేవారు మాత్రం సాధారణంగా సిద్ధనాథ మహాదేవుని దర్శనం కోసం వస్తారు. చెరకు తోటలు, వరి చేలు, సముద్రం సమీపించే కొద్దీ ఉప్పుమళ్లు, ఇదీ ఆ దారి. స్వాతంత్ర్య సమరంలో గాలిలోకి రహస్యంగా వెలువడిన ఒక కంఠస్వరం ఈ ఊరి బిడ్డదని చెప్పే పెద్ద ఆర్భాటమేదీ అక్కడ ఎదురుపడదు.

ఉషా మెహతా 1920 మార్చి 25న సరస్‌లో జన్మించారు. తండ్రి బ్రిటిషు ప్రభుత్వంలో న్యాయాధికారి. ఇంటిలో సర్కారు జీతం, వీధిలో గాంధీజీ నామస్మరణ. ఈ రెండింటి నడుమ ఆమె బాల్యం గడిచింది. ఎనిమిదేళ్ల వయస్సులోనే, 1928లో, సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపులో నినాదాలు చేశారు. పిల్లల ఊరేగింపు ఒకదానిపై పోలీసులు విరుచుకుపడగా జెండా పట్టుకొన్న బాలిక జెండాతో సహా నేలకూలింది. చేతిలోని జెండాను లాక్కోవచ్చును గాని ఒంటిమీది బట్టను లాక్కోలేరు గదా అని, ఆ పిల్లలకు మూడు రంగుల బట్టతో దుస్తులు కుట్టించారట! 1930లో తండ్రి పదవీ విరమణ చేశారు. 1932లో కుటుంబం బొంబాయికి తరలివెళ్లింది. ఉష 1939లో విల్సన్ కళాశాలలో తత్త్వశాస్త్రంలో పట్టభద్రురాలయ్యారు.

1942 ఆగస్టు 8న బొంబాయి గొవాలియా టాంకు మైదానంలో క్విట్ ఇండియా తీర్మానం ఆమోదం పొందింది. మరునాడు తెల్లవారేసరికి నాయకులందరూ చెరసాలలో ఉన్నారు. పత్రికల నోళ్లు మూతబడ్డాయి. ఆగస్టు 12న మన తెనాలి రైల్వే స్టేషను వద్ద పోలీసు కాల్పులకు ఏడుగురు బలయ్యారు. ఒక ఊరిలో ఇంత ఘోరం జరిగితే పొరుగు రాష్ట్రానికి తెలియని రోజులవి. తెలియజేసే సాధనం ఒక్కటే మిగిలింది, రేడియో. అదేమో ప్రభుత్వం చేతిలో ఉన్నది. కాబట్టి సొంతంగా ఒకటి కట్టుకోవలసి వచ్చింది.

కట్టడమంటే అక్షరాలా కట్టడమే. బజారులో ట్రాన్స్‌మిటరు దొరికే కాలం కాదది. యుద్ధం రావడంతో హామ్ రేడియో ఔత్సాహికుల లైసెన్సులు రద్దయ్యాయి, వారి పరికరాలను ప్రభుత్వానికి అప్పగించమన్నారు. నరీమన్ ప్రింటర్ అనే బొంబాయి రేడియో నిపుణుడు మాత్రం తన యంత్రాన్ని విడదీసి, భాగాలను దాచుకొన్నాడు. ఉష, విఠల్‌దాస్ ఖాకర్ (బాబూభాయి), చంద్రకాంత్ ఝవేరి ప్రభృతులు ఆయనను ఆశ్రయించారు. కాంగ్రెసు సభలకు ధ్వనివర్ధకాలు అమర్చే షికాగో రేడియో సంస్థకు చెందిన నానక్ మోత్వానీ నుండి కొంత సామగ్రి లభించింది.

ఆనాటి యంత్రాలకు ప్రాణం వాల్వు. అమెరికన్ శాస్త్రజ్ఞుడు లీ డి ఫారెస్ట్ 1906లో రూపొందించిన మూడు ఎలక్ట్రోడుల వాల్వు దీనికి మూలం. గాలి తీసివేసిన గాజుబుడ్డిలో ఎర్రగా కాలే కాథోడు నుండి ఎలక్ట్రానులు ప్లేటు వైపు పరుగెత్తుతాయి. నడుమ గ్రిడ్ అనే సన్నని తీగల జల్లెడ ఉంటుంది. దానిపై పడే స్వల్పమైన విద్యుత్తు పెద్ద ప్రవాహాన్ని అదుపు చేస్తుంది, తూము తలుపును వ్రేలితో తిప్పి కాలువ నీటిని మళ్లించినట్లు. ట్రాన్స్‌మిటరులో ఒక విభాగం రేడియో తరంగాన్ని పుట్టిస్తుంది, ఒకటి దానిని బలపరుస్తుంది, మరొకటి మైకు ముందు పలికిన మాటను పెద్దదిగా చేసి ఆ తరంగంపై ఎక్కిస్తుంది. ఈ చివరిది నిజానికి ఒక యాంప్లిఫైయరు. గిటారు వాయించే యువకులు ఈనాటికీ విడివిడి సర్క్యూట్ పలకలను జోడించి ఇంటివద్ద తయారుచేసుకొనే వాల్వు యాంప్లిఫైయరు దీనికి దగ్గరి చుట్టమే. రెండింటిలోను ప్రమాదం కూడా ఒకటే: ప్లేటుకు అందే విద్యుత్తు వందల వోల్టులు, స్విచ్చి కట్టిన తరువాత కూడా కండెన్సరులలో అది పొంచి ఉంటుంది. ఏమరుపాటుగా చెయ్యి పెట్టినవాడు బ్రతికి బయటపడితే అదృష్టవంతుడే.

1942 ఆగస్టు 27న కాంగ్రెసు రేడియో మొదటిసారి పలికింది. 42.34 మీటర్లపై, భారతదేశంలో ఎక్కడో ఒకచోట నుండి మాట్లాడుతున్నామని ప్రకటించినది ఉషా మెహతా గొంతు. ఆ తరంగదైర్ఘ్యం రమారమి 7.08 మెగాహెర్ట్జ్‌లకు సమానం. హామ్‌లు వాడుకొనే 40 మీటర్ల పట్టీలోనిదే. పాత యంత్రపు భాగాలు తమకు అలవాటైన చోటనే కూర్చున్నాయని అనుకోవచ్చు.

చిట్టగాంగ్‌పై బాంబుదాడి, జంషెడ్‌పూర్ కార్మికుల సమ్మె, ఆష్టి, చిమూరు గ్రామాల దురంతాలు, ఇలా పత్రికలు అచ్చువేయలేని వార్తలు ఈ గాలిమార్గాన వెలువడ్డాయి. రామ్ మనోహర్ లోహియా వంటి అజ్ఞాత నాయకులు అండగా నిలిచారు. ప్రసారం చేసే చోటు ఒకటి, ప్రసంగాలను రికార్డు చేసే చోటు మరొకటి.

రహస్య రేడియోకు ఒక చిక్కున్నది. మాట్లాడినంతసేపు అది తన ఉనికిని తానే చాటుకుంటుంది. దిశను పసికట్టే పరికరాలతో పోలీసు వాహనాలు వీధులు గాలిస్తుంటే, యంత్రం ఇల్లు మారుతూ వచ్చింది: చౌపాటీలోని సీ వ్యూ భవనం, వాల్కేశ్వర్‌లో రతన్ మహల్, లబర్నమ్ రోడ్డులో అజిత్ విల్లా, ఆ పిమ్మట మరికొన్ని. అద్దెకు తీసుకోవడం, తీగలు కట్టడం, మాట్లాడటం, విప్పడం, తరలించడం. మూడు నెలలు కూడా నిండని ఈ సంసారాన్ని వాహనాలు పట్టుకోలేకపోయాయి. పట్టించినది మనిషి. అరెస్టయిన నరీమన్ ప్రింటర్ పోలీసులకు లొంగిపోయాడు. యంత్రాన్ని కూర్చిన చేతులే చిరునామా చూపాయి. తరువాత అతడు అప్రూవరుగా మారాడు. అతనిని ద్రోహి అని ఒక్క మాటతో కొట్టివేయడం తేలికే. కాని అతడు దాచిన వాల్వులు, తీగచుట్టలు లేకపోతే ఆ కంఠం పుట్టేదే కాదు.

నవంబరు 12 సాయంకాలం మహాలక్ష్మి ఆలయ సమీపాన పారడైజ్ బంగళాలో ఉష, చంద్రకాంత్ చివరి కార్యక్రమం నడుపుతున్నారు. వందేమాతరం రికార్డు తిరుగుతుండగా పోలీసులు తలుపులు బద్దలుకొట్టి లోపలికి వచ్చారు. పాట ఆపమంటే ఆమె ఆపలేదు.

విచారణలో ఆమె న్యాయమూర్తిని అడిగినది ఒక్కటే: ప్రశ్నలకు జవాబు చెప్పి తీరాలా? అక్కరలేదన్నారు. అంతే, ఆమె నోరు విప్పలేదు. ఉషకు నాలుగేళ్లు, బాబూభాయికి అయిదేళ్లు, చంద్రకాంత్‌కు ఏడాది శిక్ష పడింది. మోత్వానీ నిర్దోషిగా విడుదలయ్యారు. ఎరవాడ జైలునుండి ఉష 1946లో బయటకు వచ్చారు. ఆమె గాంధీజీ రాజకీయ చింతనపై డాక్టరేటు సాధించి, తాను చదివిన విల్సన్ కళాశాలలోనే మూడు దశాబ్దాలు పాఠాలు చెప్పారు. 1998లో పద్మవిభూషణ్ వచ్చింది. 2024లో ఆమె కథ హిందీ చలనచిత్రమై వెలువడింది.

ఒకనాడు యంత్రాన్ని దాచిన అజిత్ విల్లా ఉన్న లబర్నమ్ రోడ్డులోనే మణిభవన్ ఉన్నది. గాంధీజీ బొంబాయిలో బసచేసిన ఆ ఇంటిలోని సంగ్రహాలయానికి వృద్ధాప్యంలో ఉషాబెన్ అధ్యక్షురాలయ్యారు. 2000 ఆగస్టు 9న జ్వరంతోనే ఆమె ఆగస్టు క్రాంతి మైదానంలోని వార్షికోత్సవానికి వెళ్లి వచ్చారు. రెండు రోజుల తరువాత, 11వ తేదీన, కన్నుమూశారు.